ఖాళీ ముడి

మొన్న నవంబరులో అమ్మానాన్నల చేత జనక్‌పురి ఇల్లు ఖాళీ చేయించి, గురుగ్రామ్‌లో మేముండే సొసైటీలోనే పక్క టవర్లోకి మార్చాం. ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురమున్న ఇల్లు. అటక దులిపితే ఏం దొరుకుతాయో మీకూ తెలుసు. తీగ తెగిపోయిన రూమ్ హీటర్లు రెండు, మూత లేని ఆవకాయ జాడీ, నా జామెట్రీ బాక్సు, అమ్మ సగం అల్లి వదిలేసిన స్వెట్టరు. ఆ స్వెట్టరు సూదులతో సహా అలాగే ఉంది. నాకని మొదలుపెట్టిందట, నేను దానికంటే తొందరగా పెరిగిపోయానట. దాని కింద పాత దినపత్రికలో చుట్టి ఒక తాడు. ఇక్కడి నులకమంచాలకు అల్లే గడ్డి తాడు. ముట్టుకుంటే పొట్టు రాలుతోంది. బారెడేసి దూరంలో ఐదు ముడులు. పారేసే సామాన్ల కుప్ప వైపు విసరబోయి, ముడులు చూసి ఆగిపోయాను. అటక మీద దుమ్ములో కూర్చుండిపోయాను. కింద నిచ్చెన పట్టుకున్న నాన్న, ఏమైంది, కాలు జారిందా అని అడుగుతున్నాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు మామ్మ శుక్లాల ఆపరేషన్‌కని ఢిల్లీ వచ్చింది. మామ్మ అంటే నాన్నకి అమ్మ. కృష్ణా జిల్లాలో సముద్రానికి కూతవేటు దూరంలో మా ఊరు. నాన్న ఇక్కడ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా కాబట్టి పెద్దాసుపత్రిలో చూపించవచ్చు. దసరాకి ఆపరేషన్ చేయించుకుని, నవంబరు చివరికల్లా ఊళ్ళో ఉండాలని ఆవిడ లెక్క. కానీ వచ్చిన వారానికే దగ్గు పట్టుకుంది. దగ్గుతుంటే కన్ను కొయ్యకూడదని డాక్టరు వాయిదాల మీద వాయిదాలు వేశాడు. చివరికి ఆపరేషన్ నవంబరు నెలాఖరున జరిగింది. నెల రోజుల దాకా రైలు ఎక్కకూడదు, వంగకూడదు, బరువు ఎత్తకూడదు అన్నారు. మామ్మ అన్నీ వింది. కంటికి కట్టిన ఆకుపచ్చ గుడ్డ సర్దుకుని, "అయితే పండగో?" అంది.

పండగ అంటే మా ఊరి చర్చి పునీతుడు శౌరివారి పండగ. డిసెంబరు మొదట్లో వస్తుంది. తొమ్మిది రోజులు జపాలు, ఆఖరి రోజు తేరు, బాణసంచా, చుట్టాలు, పలావు అన్నీ ఉన్న మామూలు పండగే ఒకప్పుడు. నేను పుట్టక ముందు ఒక ఏడు, పండగకి కొద్ది రోజుల ముందు, ఉప్పెన వచ్చింది. కాసేపట్లో ఊరంతా నీళ్ళు. పరిగెత్తగలిగినవాళ్ళు గుళ్ళోకి పరిగెత్తారు. మా వైపు చర్చిని గుడి అనే అంటాం. ఫాదరుగారు గంట తాడు కోసి, స్తంభాల చుట్టూ తిప్పి కట్టించి, అందర్నీ దాన్నే పట్టుకోమన్నారు. తెల్లారేదాకా తాడు పట్టుకున్నవాళ్ళు బతికారు. చేయి జారినవాళ్ళు పోయారు. అప్పటి నుంచి పండగ రోజు పొద్దున, తేరు కంటే ముందు, ఆ తాడు తీస్తారు. ఆ రాత్రి ఎవరి పక్కన ఎవరున్నారో అదే వరసలో పట్టుకుని గుడి చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. ఎక్కడ మనిషి జారిపోయాడో అక్కడ ముడి వేసి ఖాళీగా వదులుతారు. ఆ ముడిని ఎవరూ పట్టుకోరు. పక్కన నిలబడే మనిషి ఏటేటా వస్తున్నంత కాలం ఆ ఖాళీ ఉంటుంది. రావడం మానేస్తే, ముడి విప్పి వరస కలిపేస్తారు. ఇందులో ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు, అది కట్టుబాటు. మామ్మ ముందున్న ముడి లూర్దుది. లూర్దు నాన్నకి చెల్లెలు, చాలా చిన్న చెల్లెలు. అప్పటికి నాన్న ఢిల్లీలో ఉద్యోగంలో చేరి ఏడాది. తాతయ్య అంతకు ముందే పోయాడు. ఇంట్లో ఉన్నది తల్లీ కూతుళ్ళిద్దరే. లూర్దుకి పదేళ్ళు. ఫొటో కూడా లేదు, ఉన్న ఒక్కటీ నీళ్ళలో పోయింది.

ఆ చలికాలం నాకు ఇప్పటికీ కలలో చూసినట్టే గుర్తుంది. అంచులన్నీ మసకగా, మధ్యలో కొన్ని వస్తువులు మాత్రం మరీ దగ్గరగా. పొద్దున్నే వీధిలో బొగ్గుల కుంపట్ల పొగ. స్నానాల గదిలో ఆవనూనె వాసన. మామ్మ నేత చీర మీద నాన్న పాత స్వెట్టరు, కాళ్ళకి మేజోళ్ళు, మణికట్టుకి రెండు చుట్లు చుట్టిన జపమాల. రజాయి కప్పుకుంటే గేదె పక్కన పడుకున్నట్టుందని రోజూ ఫిర్యాదు చేసేది, రోజూ అందరికంటే ముందు దాన్నే వెతుక్కునేది. పది గంటలకి ఎండ రాగానే మేడ మీదికి ఎక్కించేవాళ్ళం. పై ఇంటి పెద్దావిడ బీజీ అప్పటికే నులకమంచం వాల్చుకుని బఠాణీ కాయలు వొలుస్తూ ఉండేది. బీజీది పంజాబీ, మామ్మది తెలుగు. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు. అయినా మధ్యాహ్నం దాకా ఆపకుండా మాట్లాడుకునేవాళ్ళు. బీజీ తన మోకాళ్ళ గురించి చెబుతుంటే మామ్మ తన పాడిగేదె గురించి జవాబిచ్చేది. ఇద్దరూ ఒకే చోట నిట్టూర్చేవాళ్ళు. నేను నారింజ తొక్కలు పోగేసుకుంటూ ఆ మంచం కింద పడుకుని, పైన నులక సందుల్లోంచి పడే ఎండ చుక్కల్ని లెక్కపెట్టేదాన్ని. నాకు అంతకంటే పెద్ద పనులు ఉండేవి కాదు.

మామ్మకీ నాకూ మధ్య కూడా భాష తిన్నగా నడిచేది కాదు. తెలుగు అర్థమయ్యేది, కానీ నోరు తెరిస్తే హిందీయే వచ్చేది. "మామ్మా, ఆప్ చాయ్ పియోగే?" అని అడిగితే, ఆవిడ నాన్న వైపు తిరిగి, "ఏందిరా, నా మనవరాలితో మాట్లాడాలంటే నాకు దుబాసీ కావాలా?" అనేది. నాకు రోషం వచ్చి ఇంకా గట్టిగా హిందీ మాట్లాడేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే ఒకటి మొట్టాలనిపిస్తుంది.

రైలు వద్దన్న రోజు సాయంత్రం మామ్మ అన్నం తినలేదు. నాన్న బతిమాలాడు. అమ్మ బతిమాలింది.

"ఒక్క ఏడు మానేస్తే ఏమవుతుందత్తయ్యా? దేవుడికి మీ కన్ను సంగతి తెలియదా?" అంది అమ్మ.

"దేవుడికి తెలుసులేవే. వరసలో నిలబడేవాళ్ళకి తెలియొద్దూ? నేను లేకపోతే నా చోటు కలిపేత్తారు. దాని చోటూ కలిపేత్తారు. దానికంటూ ఈ భూమ్మీద ఉంది ఆ మూరెడు తాడేగా!"

ఏడవలేదు. కంటికి నీరు రాకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి ఏడుపు కూడా ఆపుకుంది. అది చూసి నాన్న లేచి వెళ్ళి చొక్కా వేసుకుని పోస్టాఫీసుకి పోయాడు. ఫాదరుగారికి టెలిగ్రామ్ ఇచ్చాడు. అమ్మ ఢిల్లీలో తాడు పట్టుకుంటుంది, అక్కడ ఆవిడ చోటు కలపవద్దు, అని. రెండు రోజులకి జవాబు వచ్చింది. అక్కడ పట్టుకుంటే ఇక్కడ ఉంచుతాం. నాన్న దాన్ని మూడుసార్లు చదివి వినిపించాడు. మామ్మ లేచి కంచం ముందు కూర్చుంది.

మాట అయితే ఇచ్చేశాం. తాడేది? మా ఊరి గంట తాడు కొబ్బరి పీచుది. జనక్‌పురి బజారులో బట్టలారేసుకునే ప్లాస్టిక్ తాళ్ళు తప్ప ఏమీ లేవు. మామ్మ దాన్ని చేత్తో తడిమి, "ఇది జారిపోద్దిరా," అని పక్కన పెట్టేసింది. ఆ మాట తర్వాత ఆ ప్లాస్టిక్ తాడు ముట్టుకోవడానికి నాన్నకి మనసొప్పలేదు. సంగతి బీజీకి ఎలా చేరిందో తెలియదు, బహుశా ఆ ఇద్దరి భాషలోనే చేరి ఉంటుంది. ఆవిడ తన మంచానికి కొత్త నులక వేయించుకుందామని తెప్పించి పెట్టుకున్న తాడు చుట్ట తెచ్చి మామ్మ ఒళ్ళో పెట్టింది. మామ్మ కళ్ళు మూసుకునే ఐదు ముడులు వేసింది. అన్నిటికంటే ముందు చిన్నవాళ్ళుండాలి కాబట్టి నాది, తర్వాత అమ్మది, నాన్నది, ఖాళీ ముడి, చివర తనది. చివరి మనిషి ముందున్న వాళ్ళందర్నీ కనిపెట్టుకుని ఉండాలట. "తాడు మాత్రం వదలమాకే," అని నాకు మరీ మరీ చెప్పింది. నాకు తాడు గురించి దిగులు లేదు. మా క్లాసు పిల్లలెవరైనా చూస్తే నా బతుకేమవుతుందోనన్నదే దిగులు. ఖైదీల్లాగా తాడు పట్టుకుని పార్కు చుట్టూ తిరగడం! అమ్మకీ ఆ బెంగే ఉందనుకుంటాను, అందుకే ఎవరూ లేవక ముందే వెళ్ళొచ్చేద్దాం అంది.

ఆ ఏడు మంచు ముందే దిగింది. పండగ పొద్దున తలుపు తీస్తే గేటు కనపడలేదు. పార్కులో చెట్లు లేవు, బెంచీలు లేవు, ఎదురుగా తెల్లటి గోడ. దాన్లోకి అడుగు పెడితే అది ఇంకో అడుగు వెనక్కి జరిగేది. మామ్మ కొవ్వొత్తి వెలిగించమంది. నాన్న వెలిగిస్తే ఆ మంచులో అది పసుపు చుక్కలా కనపడింది. జపం మొదలుపెట్టి నడిచాం. ముందు నేను. చెప్పులు, బూట్లు తడి గడ్డి మీద చేసే చప్పుడు తప్ప మరేమీ లేదు. కోతిటోపీ పెట్టుకున్న అంకుల్ ఒకాయన ఎదురై, "క్యా నాప్ రహే హో జీ?" అని అడిగాడు. స్థలం కొలుస్తున్నామనుకున్నాడు. నాన్న, "పూజా హై జీ," అన్నాడు. ఆయన చేతులు జోడించి మంచులో కలిసిపోయాడు. నా చెవులు చలికి మాత్రమే ఎర్రబడలేదు.

మొదటి చుట్టు అయింది. రెండో చుట్టులో నా బూటు లేసు ఊడింది. తాడు వదలకూడదని తెలుసు. అయినా, ఒక్క క్షణమే కదా అనుకుని వదిలి పక్కకి తప్పుకుని కూర్చున్నాను. ఉన్ని గ్లౌజులతో లేసు ముడి పడలేదు. తలెత్తేసరికి ఎవరూ లేరు. ఏ వైపు వెళ్ళారో తెలియలేదు. అమ్మ నేను చలికి ఓర్వలేక ఇంటికి పారిపోయాననుకుందట, పొద్దున్నుంచీ అలా బెదిరిస్తూనే ఉన్నాను మరి. ఆ తెల్లదనంలో ఒక్కదాన్నే నిలబడ్డాక, మొదటిసారి నాకు ఆ ఊళ్ళో ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో కొంచెం తెలిసింది. నీళ్ళు లేవు, గాలి లేదు, ఇల్లు వంద అడుగుల్లో ఉంది. అయినా ఒక్క అడుగు కూడా వెయ్యలేకపోయాను. ఎక్కడో మామ్మ దగ్గు వినిపించింది. ఆ దగ్గు వైపు పరిగెత్తాను. ముందు ఆవిడ చీర అంచు కనపడింది, తర్వాత తాడు. చేతికి ఏది అందితే అది పట్టుకున్నాను. పట్టుకున్నాక తెలిసింది అది ఏ ముడో.

తాడు బరువెక్కడం మామ్మకి తెలిసింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి శుక్లం. నేనేమో బారెడు దూరంలో వీపు చూపిస్తూ నడుస్తున్నాను. జపం ఆగిపోయింది.

"వచ్చావా?" అంది.

నేను ఆ ఖాళీ ముడిని అలాగే పట్టుకుని నడిచాను.

"లూర్దూ! గట్టిగా పట్టుకో."

నేను, మామ్మా నేను, అనాలి. హిందీలోనైనా అనాలి. ఎందుకు అనలేదో ముప్ఫై ఏళ్ళు ఆలోచించాను. పట్టుకోకూడనిది పట్టుకున్నానని భయమా, ఆ గొంతులో ఉన్నది చెదరగొట్టలేకపోయానా, తెలియదు. "పట్టుకున్నానమ్మా," అన్నాను. మామ్మా అనలేదు. అమ్మా అన్నాను.

ఇక ఆవిడ మాట్లాడుతూనే ఉంది. పెద్ద పెద్ద మాటలేవీ కావు. ఎర్ర కోడి ఆ తర్వాత దొరికిందని, పరికిణీ మాత్రం దొరకలేదని, మీ అన్నకి పిల్ల పుట్టిందని, అది తెలుగు మాట్లాడదని. నా గురించే నాకు చెబుతోంది! మామూలుగా అయితే నవ్వొచ్చేది. రెండో చుట్టు ముగిసి మూడోది మొదలయ్యాక గొంతు తగ్గించి అంది.

"ఆ సాయంత్రం నిన్ను కొట్టాను గదే, గంజి ఒలకబోశావని. గంజి ఎంతలే! కొట్టకుండా ఉండాల్సింది. నువ్వు ఏడుపు మొహంతోనే గుడికొచ్చావు."

నేను ముడిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"నొప్పెట్టలేదమ్మా," అన్నాను.

ఆ తర్వాత మామ్మ మళ్ళీ జపం అందుకుంది. మూడో చుట్టు అయ్యేదాకా ఆపకుండా చెబుతూ నడిచింది. గేటు దగ్గరికి వస్తూనే నేను తాడు వదిలి ఇంటికి పరిగెత్తి, స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. చచ్చిపోయిన పిల్ల తరఫున క్షమించడానికి నేనెవర్ని? గుడ్డిదాన్ని మోసం చేసినట్టే కదా! ఆ రోజు మధ్యాహ్నం పండగ గంజి వండారు. అందులో ఉప్పు వెయ్యరు. ఉప్పెన తర్వాత నెలల తరబడి ఊళ్ళో నీళ్ళూ నేలా అన్నీ ఉప్పే కాబట్టి, ఆ ఒక్కరోజు దాన్ని ముట్టుకోరు. బీజీకి ఒక గిన్నె ఇస్తే ఒక చెంచా తాగి, "నమక్ భూల్ గయీ, బేటీ?" అని అమ్మని జాలిగా అడిగింది. అందరూ నవ్వారు, మామ్మ కూడా నవ్వింది. నేను ఎవరి వంకా చూడలేకపోయాను.

కొత్త సంవత్సరం వెళ్ళాక నాన్న మామ్మని ఊరికి దింపి వచ్చాడు. స్టేషన్లో ఆవిడ కిటికీలోంచి చేయి చాపితే నేను అమ్మ వెనకాల నిలబడ్డాను. ఆ తర్వాత అమ్మానాన్నలు పండగకి వెళ్ళినప్పుడల్లా నాకు పరీక్షలు, జ్వరాలు, స్నేహితురాళ్ళ అక్కల పెళ్ళిళ్ళు వచ్చిపడేవి. అలా ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదో ఏడు చలికాలంలో మామ్మ పోయింది. నేను ఆవిడకి నిజం చెప్పలేదు.

అటక మీంచి దిగి తాడు నాన్న చేతిలో పెట్టాను. ఈ వయసులో ఇంకేం సిగ్గనుకుని, మొత్తం చెప్పేశాను. నాన్న ముడులు తడుముతూ విన్నాడు. నేను ఏడుస్తుంటే ఆయన మొహంలో నవ్వు లాంటిది కనిపించింది. నాకు కోపం వచ్చింది.

"ఆవిడకి తెలుసు కదే," అన్నాడు.

"ఏం తెలుసు?"

"అది నువ్వని. ముందు నడుస్తున్న నాకు ఆవిడ గొంతే వినిపించింది, ఖాళీ ముడితో మాట్లాడుకుంటోందనుకున్నాను. ఆ మధ్యాహ్నమే నాతో చెప్పింది. మొదట ముడి బరువెక్కినప్పుడు గుండె ఆగిపోయిందట, నిజంగానే అనుకుందట. తర్వాత రెండడుగులు ముందుకేసి, చెయ్యి చాపి తాడు తడిమితే నీ వేళ్ళు తగిలాయట. 'ఉన్ని తొడుగులురా! మనూళ్ళో ఉన్ని తొడుగులు ఎవత్తి వేసుకుంటది?' అంది."

అంతసేపూ తెలిసే మాట్లాడిందా? కోడి గురించి, గంజి గురించి?

"నేనూ అదే అడిగాను. 'ఇన్నేళ్ళూ ఆ మాట ఎవరికి చెప్పను? ఖాళీ ముడికి చెబితే వింటదా? ఇది విన్నది. నొప్పెట్టలేదన్నది. లూర్దయినా అదే అనేదిరా,' అంది. నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. తెలిస్తే పిల్ల సిగ్గుపడి మళ్ళీ అట్టా అమ్మా అని పిలవదని."

ఆ సంగతి తెలియకపోయినా మళ్ళీ పిలవలేదు నేను. ప్రతి ఏడూ నాన్న ఊళ్ళో దిగగానే ఆవిడ మొదటి ప్రశ్న, చిన్నది వచ్చిందా అనేనట.

ఇప్పుడు ఊళ్ళో తుఫాను షెల్టరు కట్టారు. వాయుగుండం బయలుదేరక ముందే అందరి ఫోన్లకీ కబురొస్తుంది. మామ్మ పోయాక ఊళ్ళో ఆ ముడి విప్పి వరస కలిపేశారని తెలుసు, అది కట్టుబాటే. ఇక్కడ మా టవర్లలో గాలి ఎంత చెడిందో గంటగంటకీ ఫోను చెబుతుంది, మంచు వస్తే గాలి శుభ్రం చేసే మిషన్లు ఆన్ చేసుకుని తలుపులు మూసుకుంటాం. జనక్‌పురిలో అందరం ఒక్క గదిలో ఒకే కుంపటి చుట్టూ కూర్చున్నంత భద్రంగా నాకు ఈ పదిహేనో అంతస్తులో ఎప్పుడూ అనిపించలేదు. బహుశా అప్పుడు నాకు పదకొండేళ్ళు కావడం వల్లే కావచ్చు.

మొన్న పండగ పొద్దున సొసైటీ లాన్ మీద ఆ తాడు పట్టుకుని నడిచాం. గార్డు భయ్యా అడిగితే ఈసారి అమ్మే, "హమారే గావ్ కా త్యోహార్ హై," అని, మా ఊరి పండగని గట్టిగా చెప్పింది. అందరికంటే ముందు మా అమ్మాయి, తర్వాత అమ్మ, నాన్న, ఆపైన ఖాళీ ముడి. చివరి ముడి దగ్గర ఎవరూ లేరు. రెండు ఖాళీలు పక్కపక్కన ఉంటే ఇక అక్కడ ఎవరూ లేనట్టే అన్నాడు నాన్న. నేను వెళ్ళి మామ్మ ముడి పట్టుకున్నాను. గ్లౌజులు విప్పి జేబులో పెట్టుకున్నాను. గడ్డి తాడు చేతిని గీరుతోంది. ముందున్న ఖాళీ ముడి వైపు చూస్తూ, నా హిందీ యాసతోనే, "లూర్దత్తా! మామ్మని పట్టుకో, వదలకు," అన్నాను. తర్వాత, ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన మనిషికి వినపడేలా ఇంకో మాటన్నాను.

"వచ్చానమ్మా."